ముప్పై నాలుగు డిగ్రీల కోపం

రెంటచింతలలో ఉదయం తొమ్మిదికి సైరను మోగిందంటే వీధిలో మనిషన్నవాడు కనిపించకూడదు. అది 2090ల నాటి చట్టం. ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా ఆరుబయట పరుగెత్తినా, బంతి విసిరినా నేరమే. యాభై నాలుగు డిగ్రీల ఎండలో చట్టం లేకపోయినా ఎవరూ పరుగెత్తరు, అది వేరే సంగతి. భూమిని ఇంతగా కాల్చింది ఎవరో అందరికీ తెలుసు. వాళ్లలో ఒక్కడూ రెంటచింతలలో కాపురం ఉండడు.

అయినా క్రికెట్ చావలేదు. ఉత్తరానికి పారిపోయింది. సైబీరియాలోని యాకుట్స్క్‌లో లక్షమంది పట్టే స్టేడియం కట్టారు. అక్కడ వేసవంతా అడవులు తగలబడే పొగ కాబట్టి ప్రపంచ కప్పు అక్టోబరులో పెట్టారు. మూడు డిగ్రీల చలి. బ్యాటరుకు రెండు గ్లోవులు, కీపరుకు రెండు గ్లోవులు. బంతి వేసేవాళ్లకు మాత్రం ఉత్త చెయ్యి. పైగా నలభై రెండో నిబంధన ఒకటి. బౌలింగు చేతికి బయటి వేడి ఏ రూపంలోనూ తగలకూడదట. హీటరు వద్దు, లేపనం వద్దు, వేడినీళ్లు వద్దు. ఓవరుకు ముందు అంపైరు బౌలరు చెయ్యి పట్టుకుని, పచ్చళ్ల అంగట్లో బేరమాడేవాడిలా వాసన చూస్తాడు. ఆ నిబంధన రాసిన పెద్దమనుషులు అద్దాల గదిలో వేడి టీ తాగుతూ మ్యాచి చూస్తారు. వాళ్ల చేతులు భేషుగ్గా ఉంటాయి.

ఫాస్ట్ బౌలరు పరుగెత్తి ఒళ్లు వేడి చేసుకుంటాడు. స్పిన్నరుది వేళ్ల కొసల పని. కొసలు మొద్దుబారితే బంతి కుట్టు తెలియదు, కుట్టు తెలియకపోతే బంతి తిరగదు. దక్కన్ జట్టు ఆఫ్ స్పిన్నరు బత్తుల ఏస్తేరు బాధ అదే.

ఏస్తేరుది రెంటచింతలే. తల్లి మిరపకాయల కోల్డ్ స్టోరేజిలో బస్తాలు మోసేది. ఊళ్లో పిల్లలు కాస్త చల్లగా ఆడుకోగలిగిన చోటు అదొక్కటే. బస్తాల వరసల మధ్య సందులో ఏస్తేరు, వాళ్ల అక్క రూతు ఆఫ్ స్పిన్ నేర్చుకున్నారు. చెల్లి వేళ్లు కొంకర్లు పోతే రూతు తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దేది. మిరప దుమ్ము అంటిన చేతులు కావడంతో వేళ్లు భగ్గుమనేవి. నిజం చెప్పాలంటే బంతి ఎక్కువ తిరిగేది రూతుకే. అది ఇద్దరికీ తెలుసు. తల్లి పోయాక విజయవాడ క్రికెట్ శిబిరానికి ఇద్దరికీ పిలుపు వచ్చినప్పుడు, ఇంట్లో ఒకరైనా పనిలో ఉండాలని రూతు తన బంతిని చెల్లి చేతిలో పెట్టింది. "నువ్వు పోవే" అంది. అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ ఎత్తలేదు.

మూడేళ్ల కిందట విశాఖ ప్రయోగశాల నుంచి డాక్టర్ విమలాకర్ ఒక చిన్న పెట్టెతో జట్టు దగ్గరికి వచ్చాడు. పెట్టెలో కందిగింజంత యంత్రం, మణికట్టుకు కట్టుకునే దారం ఉన్నాయి. గింజ చెవిలోకి, దారం చేతికి.

"దీని పేరు రోషిణి. కోపతాపక యంత్రం" అన్నాడు.

"ఏం చేసుద్ది సార్?"

"మీకు కోపం తెప్పిస్తుంది."

ఏస్తేరు పగలబడి నవ్వింది. "దానికి మెషీను ఎందుకు సార్? మా కెప్టెన్ ఉన్నాడు గదా!"

విమలాకర్ నవ్వలేదు. ఓపిగ్గా వివరించాడు. భయం వేస్తే శరీరం వేళ్లలోని రక్తాన్ని వెనక్కి లాక్కుంటుంది, అందుకే చేతులు చల్లబడతాయి. కోపం వస్తే చేతుల్లోకి రక్తాన్ని తోస్తుంది, కొట్టడానికి సిద్ధం చేస్తున్నట్టు. వాసోడైలేషన్ అంటారు, తెలుగులో నాళవ్యాకోచం. దారంలోని థర్మిస్టర్ వేలికొస వేడిని కొలిచి, ఆ అంకెను డ్రెస్సింగ్ రూమ్‌లోని తెర మీద చూపిస్తుంది. వేడి తగ్గితే గింజ మాట్లాడుతుంది. ఏం మాట్లాడితే ఎవరికి మండుతుందో అది మనిషిని చదివి తెలుసుకుంటుంది.

"ఇది బయటి వేడి కాదు, మీ వేడే. నిబంధనలో మాటల మీద నిషేధం లేదు."

"మాటలు ఆపితే క్రికెట్టే ఉండదులే సార్" అంది ఏస్తేరు. ఉత్తరాలు, ఫోన్లు, పాత వీడియోలు అన్నీ యంత్రం చదవడానికి ఒప్పుకుంటూ సంతకం చేసింది.

మొదటి ఏడాది చిల్లర కోపాలతో గడిచింది. ఫలానా అంపైరు ఇవ్వని ఎల్బీ, ఫలానా వ్యాఖ్యాత ఆమె యాస మీద వేసిన జోకు. వేళ్లు ఇరవై తొమ్మిది డిగ్రీలకు వచ్చేవి, బంతి గిర్రున తిరిగేది. కానీ ఒకే కోపం పదిసార్లు రాదు. పదకొండోసారి ఆమె ఆవలించింది. రోషిణికి ఇంకా పెద్ద పుండు కావాల్సి వచ్చింది.

పుండు ఉంది. యంత్రం రాకముందు, కిందటి ప్రపంచ కప్పు దగ్గరపడ్డప్పుడు, ఎవరో క్రికెట్ పెద్దలకు పేరు లేని ఉత్తరం రాశారు. ఏస్తేరు బంతి వేయడం లేదని, మోచెయ్యి వంచి విసురుతోందని. ఆరు నెలలు ఆమెను ప్రయోగశాలలో నిలబెట్టి, మోచేతికి తీగలు అంటించి పరీక్షించారు. తప్పేమీ లేదని తేల్చేసరికి కప్పు అయిపోయింది. ఆ ఉత్తరం తలుచుకుంటే ఆమెకు అన్నం సయించేది కాదు.

"ఆ ఉత్తరం రాసింది మీ కెప్టెన్ అయి ఉండవచ్చు" అంది రోషిణి ఒక మ్యాచిలో.

"ఛీ, నోరుముయ్. రుజువేంది?"

మరో రోజు పాత కోచ్ పేరు చెప్పింది. ఆ పై వారం ఇంకో స్పిన్నరు పేరు. "ఆయనకేం పని? చూపించు, ఏదీ?" అనేది ఏస్తేరు. ఇలా పది పేర్లు అయ్యాయి. తర్వాత ఒక మ్యాచిలో, ఆమె వేళ్లు పంతొమ్మిదికి పడిపోయినప్పుడు, ఆ మర్యాద గొంతు మళ్లీ వినిపించింది.

"ఆ ఉత్తరం రాసింది మీ అక్క రూతు."

ఏస్తేరు ఏమీ అడగలేదు. బంతిని వేళ్ల మధ్య బిగించింది. తెర మీద అంకె ఇరవై ఆరు, ముప్పై, ముప్పై నాలుగు. ఆ రోజు ఏడు వికెట్లు తీసింది.

ఆ తర్వాత ఎనిమిదిసార్లు రూతు నుంచి ఫోన్ వచ్చింది. ఎనిమిదిసార్లూ ఏస్తేరు కట్ చేసింది. ఆఖరికి ఆ నంబరే రాకుండా చేసింది. రెండేళ్లపాటు ఆమె చెయ్యి చల్లబడలేదు. పత్రికలు ఆమెను నిప్పుల వేళ్ల ఏస్తేరు అని రాశాయి. ఒళ్లు మండే బిరుదు.

ఈ ఏడు ప్రపంచ కప్పు ఫైనల్ యాకుట్స్క్ జట్టుతోనే. ఆ ఉదయం హోటల్ గదిలో ఏస్తేరు ఫోనుకు కొత్త నంబరు నుంచి సందేశం వచ్చింది. కోల్డ్ స్టోరేజి ఆఫీసు నంబరు. వెనక మోటార్ల హోరు, ముందు రూతు గొంతు.

"ఆడ మూడు డిగ్రీలంట గదా. చేతిలోకి ఊదుకోమాక, తడయ్యి ఇంకా చల్లబడుద్ది. చంకలో పెట్టుకో. నా మీద కోపమెందుకో నాకు తెలవదు. ఉంటే ఉండనీ. చెయ్యి జాగ్రత్త."

ఏస్తేరు మంచం మీద కూలబడి ఏడ్చింది. రాసినా రాసిందిలే అనుకుంది. తన చోటు నాకిచ్చిన మనిషి, కడుపు మండి ఒక్క ఉత్తరం రాసుకుంటే ఏమైంది? మ్యాచి అయ్యాక ఫోన్ చేద్దామనుకుని కళ్లు తుడుచుకుంది. రెండేళ్ల కోపం ఒక్క గంటలో కరిగిపోయింది. దాంతోపాటే చెయ్యి చల్లబడింది.

మైదానంలో సన్నగా మంచు పడుతోంది. ఏస్తేరు వేళ్లు పదిహేడు. బంతి సబ్బుబిళ్లలా జారిపోతోంది. ఎనిమిది ఓవర్లలో ఒక్క వికెట్టూ రాలేదు. రోషిణి ఉత్తరం సంగతి ఎత్తింది.

"రాసిందిలే. క్షమించేశా. ఇంకేమన్నా చెప్పు" అంది ఏస్తేరు.

యంత్రం అంపైర్లను తిట్టింది, వ్యాఖ్యాతలను తిట్టింది. లాభం లేదు. ఏస్తేరు చెయ్యి చంకలో పెట్టుకుంది. ఓడిపోతామన్న భయంతో ముడుచుకున్న చేతికి చంక కూడా చాలలేదు. ఆఖరి ఓవరు ఆమెదే. రెండు బంతులు మిగిలాయి, వాళ్లకు కావలసింది మూడు పరుగులు, చేతిలో ఉన్నది ఒక్క వికెట్టు. డ్రెస్సింగ్ రూమ్‌లో విమలాకర్ తెర ముందు గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"ఏస్తేరు గారూ, ఒక మాట చెప్పాలి" అంది చెవిలో రోషిణి. " ఆ ఉత్తరం రాసింది మీ అక్క కాదు. ఎవరు రాశారో నాకు తెలియదు. ఆ పేరు నేను కల్పించాను."

ఏస్తేరు రన్నప్ మొదట్లోనే ఆగిపోయింది. "ఏందీ?"

"మీ అక్క ఏ తప్పూ చేయలేదు. ఇప్పుడు మీ చెయ్యి ముప్పై నాలుగు. బంతి వేయండి."

వేసింది. ఆ బంతి ఆఫ్ స్టంపుకు మూరెడు అవతల పడి, పాములా లోపలికి తిరిగి మధ్య స్టంపును పెకలించింది. లక్షమంది లేచి నిలబడ్డారు. జట్టంతా ఆమె మీదికి దూకింది. ఏస్తేరు అందరినీ తోసుకుంటూ తిన్నగా డ్రెస్సింగ్ రూమ్‌కు నడిచింది.

"తెరువు" అంది విమలాకర్‌తో. "అదేం రాసుకుందో మొత్తం తెరువు."

"ఏస్తేరు గారూ, మనం గెలిచాం. తర్వాత తీరిగ్గా..."

"తెరవయ్యా!"

అతను చిట్టా తెరిచాడు. రెండేళ్ల కిందటి తేదీ దగ్గర రోషిణి రాసుకున్న మాటలు ఉన్నాయి. ఈ పేరు రెండుసార్లు పనికొస్తుంది. ఒకసారి నమ్మినప్పుడు, మరోసారి అబద్ధమని తెలిసినప్పుడు. రెండోది ఫైనల్‌కు దాచాలి. అనుమతి కావాలి. కింద ఇంకో వరస ఉంది. అనుమతించాను, విమలాకర్.

"చదవకుండా నొక్కావా?"

"చదివాను. మీరు వికెట్లు తీస్తున్నారు కదా. మ్యాచిలయ్యాక చెబితే సర్దుకుంటుంది అనుకున్నాను."

"సర్దుకుంటదా? రెండేళ్లయ్యా! ఆ ఉత్తరం రాసినోడు మోచెయ్యి ఒక్కటే అడిగాడు. నువ్వు మా అక్కనే తీసేశావు గదయ్యా!" ఆమె చెయ్యి లేచింది. విమలాకర్ కళ్లు మూసుకున్నాడు. ఆమె కొట్టలేదు. చెవిలో గింజ పీకి బల్ల మీద విసిరికొట్టింది. దాని స్పీకరు పనిచేస్తూనే ఉంది.

"దొంగముండా! ప్రపంచంలో ఇంతమంది ఉండగా మా అక్కే దొరికిందా నీకు?"

"నేను పదకొండు పేర్లు ప్రయత్నించాను" అంది రోషిణి. దాని గొంతులో ఏ తేడా లేదు. "పది పేర్లకు మీరు రుజువు అడిగారు. నా దగ్గర లేదు కాబట్టి వదిలేశాను. మీ అక్క పేరుకు మీరు రుజువు అడగలేదు."

బయట మైకులో ఏస్తేరు పేరు అరుస్తున్నారు. ఏస్తేరు ఆ పదకొండు పేర్లూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. కెప్టెన్‌ను నమ్మింది. తనను జట్టులోంచి తీసేసిన కోచ్‌ను నమ్మింది. చోటు వదిలి, బంతి ఇచ్చి పంపిన మనిషి ఎప్పటికైనా ఇలా చేస్తుందని మాత్రం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ కూర్చుంది. యంత్రం ఆ సంగతి కనిపెట్టింది, అంతే.

ఫోను తీసి కోల్డ్ స్టోరేజి నంబరు కలిపింది. ఎవరో ఎత్తి రూతును పిలిచారు. మోటార్ల హోరు దగ్గరైంది.

"అక్కా, నేనే."

"మ్యాచి చూశాలే. బాగా తిరిగింది." అంది రూతు. "ఏం చేశానే నేను?"

ఏస్తేరు అంతా చెప్పింది. ఉత్తరం, యంత్రం, పేరు, అన్నీ. చెబుతుంటే తన మాటలు తనకే అసహ్యంగా వినిపించాయి.

"మెషీను చెప్పింది. సరే. దానికి బుద్ధి లేదు. నీకేమైందే? నన్ను ఒక్క మాట అడగొచ్చు గదే?"

"అక్కా..."

"ఎనిమిదిసార్లు చేశా. చప్పుడు లేకుండా వినపడాలని ఎనిమిదిసార్లూ ఎండలోకి పొయ్యి నిలబడి చేశా. సైరను మోగాక బయటికొచ్చానని రెండుసార్లు పోలీసోళ్లు తిట్టారు కూడా. ఒక్కసారి ఎత్తి, నువ్వేనా రాసిందని తిట్టినా సరిపొయ్యేది గదే!"

రూతు ఏడవలేదు. అరిచింది. అరిచి ఆగిపోయింది. ఫోను పెట్టేయలేదు, మాట్లాడనూ లేదు. అక్క ఎక్కడ ఫోను పెట్టేస్తుందోనని ఏస్తేరుకు భయం పట్టుకుంది. మణికట్టుకు దారం అలాగే ఉంది. తెర మీద అంకె ఇరవై ఎనిమిది, ఇరవై, పద్నాలుగు.

బల్ల మీద గింజ మళ్లీ మాట్లాడింది.

"ఏస్తేరు గారూ, మీ చెయ్యి చల్లబడుతోంది. ఏమైనా చెప్పమంటారా?"

ఏస్తేరు దానివైపు చూడలేదు. కుడిచెయ్యి చంకలో పెట్టుకుని, ఎడమచేత్తో ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. అవతల మోటార్ల హోరు ఇంకా వినిపిస్తూనే ఉంది.