రెండంగుళాలు ఎక్కువైన రైఫిల్

పెద్దమనుషులారా, కాల్చే పిల్లను కొట్టు గుమ్మం కూడా ఎక్కనివ్వకుండా ఆమెకు రైఫిల్ ఎలా కొన్నారు? తండ్రి ఒకడు, మేనమామ ఒకడు, మూడు వారాలు టీలు తాగుతూ చర్చించారు. కనకరత్నాన్ని ఒక్క మాట అడగలేదు.

ఎనభై మూడో సంవత్సరం, గాజువాకలో ఆదివారం మధ్యాహ్నం పన్నెండు గంటలు. కాంతం చేపలు తోముతోంది. ఆమె భర్త గవర్రాజు, పోర్టులో వడ్రంగి, అరుగు మీద ఉలి నూరుకుంటున్నాడు. రైఫిల్ క్లబ్బులో సెలెక్షనుకు వెళ్లిన కూతురు కనకరత్నం అప్పుడే తిరిగొచ్చింది. రాష్ట్ర పోటీలకు వెళ్లే జట్టులో ఆడపిల్లలకు ఒక్క చోటే మిగిలింది. సాయంత్రం నాలుగింటికి జాబితా మూసేస్తారు.

రత్నం టార్గెట్ పేపరు తండ్రి ముందు పరిచింది. కొత్తగా కొన్న రైఫిల్‌తో కాల్చిన పది తూటాలూ పది దిక్కులకు పోయాయి. ఎన్‌సీసీ వాళ్ల పాత రైఫిల్‌తో రూపాయి బిళ్లంత చోట గుండ్లన్నీ కుక్కిన పిల్ల ఇది.

అది కొన్ననాడు విశాఖ పాతనగరంలో నజీర్ అహ్మద్ తుపాకుల కొట్టులో, పోటీల్లో వాడే పాయింట్ టూ టూ రైఫిళ్లు సెకండ్‌హ్యాండ్‌వి రెండు చూపించారు. ఒకటి గీతలు పడ్డది, పొట్టిది, చవక. రెండోది విదేశీది, నున్నటి అక్రోటు కర్రది. అమ్మాయిని తీసుకొస్తే భుజానికి పెట్టి చూద్దామన్నాడు నజీర్. తుపాకుల కొట్టుకి ఆడపిల్లేటి బావా అని కొట్టిపారేశాడు కాంతం తమ్ముడు అర్జునరావు. గవర్రాజు వడ్రంగి కళ్లు ఆ అక్రోటు చెక్క మీదే పడ్డాయి. బోనసంతా దానికే పోసి, లైసెన్సు తన పేరున తీసుకుని, కొనేశాడు.

ఇంకా ప్రాక్టీసు చెయ్యాలన్నాడు తండ్రి. అరుగు చివర కూర్చున్న అర్జునరావు నవ్వాడు.

"ఆ తుక్కు తుపాకీ అయితే బాగుండేదేటి?"

"బాగుండేది మావయ్యా. ఇది మంచిదే, కానీ నా కొలతది కాదు. చెంప ఆనట్లేదు. ట్రిగ్గరుకి వేలి కొసే అందుతంది. లాగినప్పుడల్లా గొట్టం పక్కకి పోతంది." తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, భుజానికి ఆనేకాడ కొయ్యి."

గవర్రాజు ముఖం మాడిపోయింది. అలాంటి చెక్క మీద రంపం పెట్టడం కంటే ఆ ఆట మానుకోవడమే నయమన్నాడు. కాంతం కత్తిపీట వదిలి లేచింది.

"పోర్టు ఆఫీసరు కుర్సీకి ఆయన మోకాళ్లకాడ కూకొని కొలిసినావు. దీని సెయ్యి ఏనాడైనా కొలిసినావేటి?"

గవర్రాజు ఉలి పక్కన పెట్టి టేపు తీశాడు. కూతురి మోచెయ్యి మడిచి, మడత నుంచి చూపుడువేలి దాకా కొలిచాడు. తరవాత రైఫిల్‌ని భుజానికి ఆనే చివర నుంచి ట్రిగ్గరు దాకా కొలిచాడు. రెండంగుళాలు ఎక్కువ. మళ్లీ కొలిచాడు. అంతే వచ్చింది.

"నీ సెయ్యి ఇంత సిన్నదని నాకు తెలీదమ్మా," అన్నాడు. కళ్లు తుడుచుకోలేదు.

"అడిగితే సెప్పేదాన్ని నాన్నా."

కర్ర చివర బిగించిన రేకు విప్పి, రంపం పెట్టి కోశాడు. అంచు నున్నగా తోమి రేకు మళ్లీ బిగించాడు. రత్నం భుజానికెత్తింది. చెంప కర్రకి ఆనింది. వేలు దానంతటదే ట్రిగ్గరు మీద కూర్చుంది. అర్జునరావు లేచి, దుప్పటి తెచ్చి రైఫిల్ చుట్టాడు.

సిటీ బస్సు దిగి తండ్రీ, కూతురూ, మేనమామా క్లబ్బు చేరేసరికి మూడున్నర దాటింది. రత్నం పేరు కొట్టేశానన్నాడు సెక్రటరీ. పొద్దున అందరూ చూశారట, ఆ పిల్లకి గురి లేదట.

గవర్రాజు బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"పొద్దున గురి తప్పింది నా పిల్ల కాదండి, నాను. ఆ పేపరు మీద నా పేరు రాసుకోండి. దీనికి కొత్త పేపరు కట్టండి, పది తూటాలివ్వండి. నాలుగింకా కాలేదు. ఇప్పుడే కట్టండి."