మూడో నంబరు

పొద్దుటి ఎండ నీలం పరదాల్లోంచి వడకట్టుకుని వచ్చి కుట్టుగదంతా పరుచుకుంది. ఆ వెలుగులో మిషను తొక్కుతుంటే నీళ్ల అడుగున కూర్చున్నట్టుంది ఆమెకు. ఎదురుగా కటింగ్ బల్ల ఖాళీగా ఉంది.

ఐదు నెలల క్రితం వరకూ ఆ బల్ల ఆమె భర్తది. ఒకరోజు హోటలు వాళ్ల పరదాలన్నీ జానెడు పొట్టిగా కత్తిరించాడు. "కళ్లెక్కడ పెట్టుకున్నారు?" అని వాళ్ల ముందే అరిచిందామె. ఆయన కత్తెర కింద పెట్టి మేడమీదికి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి భోజనానికి దిగడం, "ఊఁ" అనడం, మళ్లీ ఎక్కడం. ఆమె మాత్రం తక్కువ తిందా? మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

"అమ్మా, మూడు కొత్త నంబర్లు తీసుకున్నా. కారుచౌక!" అంటూ వచ్చింది కూతురు. "కొత్త పరదాలకొకటి, రిపేర్లకొకటి, పక్క ఊరి వాళ్లకొకటి. దేనికి చేసినా నీ ఫోనే మోగుతుంది."

"కొట్టు గోరంత, హంగు కొండంత! చేసిందెవరో తెలుస్తుందా?"

"వాళ్ల నంబరు కనబడదు. మన మూడింట్లో దేనికి చేశారో అది కనబడుతుంది. చౌక కదా, అంతే వస్తుంది."

కాగితంమీద మూడు నంబర్లూ రాసి వంటింటి తలుపుకు అతికించింది.

బేరాలు పెరిగాయి. ఫోను మోగగానే ఆమె "చెప్పండి" అనేది, తేనె పూసినట్టు. మూడో నంబరుకు మాత్రం రోజూ నాలుగింటికి ఒక్క ఫోనే వచ్చేది. అవతల మాట ఉండదు, గాలి చప్పుడు తప్ప. మొదట్లో విసుక్కుని పెట్టేసింది. తర్వాత్తర్వాత ఆమెకే తెలియకుండా ఆ నిశ్శబ్దంతో మాట్లాడసాగింది.

"లేత బూడిదరంగు వచ్చిందండీ. ఎండను ఆపదు, మెత్తబరుస్తుంది. పడగ్గదికి బాగుంటుంది. నిద్ర మంచిగా పడుతుంది."

నాలుగయ్యేసరికి చేతిలో సూది ఆగిపోయేది. ఎవరో ఏమో గాని, ఆ కాసేపూ మనసు తేలికపడేది.

మూడు వారాల తర్వాత కూతురు తల్లి ఫోనులో రోజూ నాలుగింటికి వచ్చిన ఫోన్లన్నీ చూసి భగ్గుమంది. "ఎవడో పోకిరీ! ఈ నంబరు ఇవాళే తీసేయిస్తా."

"ఉండనీవే. పాపం, ఏమీ అనడు కదా."

"పాపమా? ఊరూ పేరూ లేనివాడితో కబుర్లు చెబుతావు, నాన్నతో ఒక్క మాట మాట్లాడవు! అసలు వాడికి ఈ నంబరు ఎలా దొరికింది? పక్క ఊరి ప్రకటన అచ్చుకివ్వడమే మరిచిపోయాను నేను. అది ఉన్నది మన వంటింటి తలుపుమీద..."

మాట మధ్యలో ఆగిపోయింది. తల్లీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో ఫోను మోగింది. మూడో నంబరు.

ఆమె ఫోను ఎత్తింది. "చెప్పండి," అంది. గొంతులో తేనె లేదు, కన్నీళ్లున్నాయి. "పరదాలు పొట్టిగా కత్తిరించింది మీరే. ఆ తప్పు మీదే. కానీ పదిమందిలో మిమ్మల్ని అంత మాట అన్నాను చూడండి, ఆ తప్పు నాది. ఐదు నెలలుగా నోటిదాకా వచ్చి ఆగిపోతోంది."

గాలి చప్పుడు. తర్వాత, మొదటిసారి, గొంతు వినిపించింది.

"కిందికొస్తే నువ్వు మొహం తిప్పుకుంటావు. ఫోను చేస్తే 'చెప్పండి' అంటావు. ఆ ఒక్క మాట కోసమే చేస్తున్నానే."

ఆమె చెంగుతో కళ్లు తుడుచుకుని మెట్లవైపు నడిచింది.

"పెట్టేయకండి," అంది ఒక్కో మెట్టే ఎక్కుతూ. "నేనే వస్తున్నా. ఎదురుగా కూర్చుని 'చెప్పండి' అని అడుగుతాను."