గంటకి ఇరవై యూనిట్లు

పొద్దున్నే కరెంటు బిల్లు చూసేసరికి అతనికి టీ గొంతు దిగలేదు. స్కూలు బస్సు నడిపే మనిషి. డీజిలు లెక్క నోటికొచ్చు గానీ వాట్లు, యూనిట్లు అంటే తల తిరుగుతుంది. హాల్లో హీటరు పక్కన గొంతుక్కూర్చుని, దాని వెనక రేకు మీద అక్షరాలు కూడబలుక్కున్నాడు. రెండు వేల వాట్లు.

వేళ్లు మడిచాడు, విప్పాడు. యూనిటుకి వెయ్యి వాట్లా, వందా? వందే అయ్యుంటుందనుకున్నాడు.

"ఏమోయ్, ఇది గంటకి ఇరవై యూనిట్లు తాగుతోంది! హీటరా, ఏనుగా? దీన్ని మేపడం మన వల్ల కాదు!"

నర్సు ఉద్యోగం చేసే భార్య అప్పటికే చెప్పులేసుకుంటోంది. "సాయంత్రం చూద్దాం, టైమైపోయింది" అంటూ సగం విని, సగం వినక వెళ్లిపోయింది. పక్క గదిలో బట్టలు మడతపెడుతున్న అతని అత్తగారు మాత్రం మొత్తం విన్నది. ఆ హీటరు కొన్నది ఆవిడ కోసమే.

ఆ సాయంత్రం హీటరు వెలగలేదు. మర్నాడూ అంతే.

"వేసుకోలేదేం అత్తయ్యా?" అని అడిగాడతను.

"ఎందుకు బాబూ, చలెక్కడుంది? నాకు ఉక్కపోస్తోంది."

కిటికీ అద్దాల నిండా ఆవిరి పట్టి ఉంది. తనే స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకున్నాడు. ఈవిడకి ఉక్కేమిటి? వయసు మీద పడితే అలాగే ఉంటుందేమో! అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలనీ పెద్దగా అనిపించలేదు.

సెలవు రోజున భార్య వంటింట్లోకి వెళ్లేసరికి, తల్లి దుప్పటి చుట్టుకుని, స్టవ్ మంటకి అరచేతులు చాపి నిలబడి ఉంది. పెదాలు పాలిపోయాయి, దగ్గు ఆగడం లేదు.

"ఏమండీ! అమ్మని ఏమన్నారు మీరు?"

"నేనా? ఒట్టు, ఒక్క మాట అనలేదు! ఉక్కగా ఉందని ఆవిడే అన్నారు!"

"ఈ చలిలో ఉక్కంటే నమ్మేశారా?"

నమ్మాడా? అది అతనికే తెలియలేదు.

"అల్లుణ్ణేమీ అనకే" అంది పెద్దావిడ, దగ్గు మధ్యలో. "నేనే చెల్లెలింటికి వెళ్దామనుకుంటున్నా. నా ఒక్క ప్రాణానికి గంటకి ఇరవై యూనిట్లెందుకు?"

"ఇరవై ఏమిటి? ఎవరన్నారు?"

అతను నీళ్లు నమిలాడు. రేకు మీది అంకె, తను వేసిన భాగహారం, అన్నీ మళ్లీ చెప్పాడు. భార్య నెత్తి కొట్టుకుంది.

"యూనిటంటే వెయ్యి వాట్లు ఒక గంట వాడటం. దీనికి గంటకి రెండే. గది వేడెక్కాక అదే ఆగుతూ నడుస్తుంది, ఆ రెండు కూడా కావు."

"మరి బిల్లెందుకు అంతొచ్చింది?"

"తెల్లారకుండా గీజరు వేసి, బస్సెక్కేదాకా ఆపనిదెవరు? ఆ ముసలి గీజరుకి దానంతటది ఆగడం రాదు."

అతని ముఖం కందిపోయింది. లెక్క తెలిశాక మనసు తేలికపడాలి కదా, ఇంకా గజిబిజి అయిందేమిటి?

"తప్పు లెక్క వేశాను అత్తయ్యా."

"పోనీలే బాబూ, లెక్కేగా తప్పింది."

"చలేస్తోందని ఒక్క మాట నాతో అనొచ్చుగా?"

ఆవిడ కొంగు సర్దుకుంది. "అల్లుడింట్లో ఉంటూ ఎలా అడగను బాబూ?"

ఇన్నాళ్లూ 'తిన్నారా' అని అడిగాడు, 'పడుకున్నారా' అని అడిగాడు. ఇది మీ ఇల్లే అని ఒక్కసారైనా అనలేదని ఇప్పుడు తట్టింది. అనబోయి, ఆగి, హాల్లోకి వెళ్లాడు.

హీటరు తెచ్చి, ఆవిడని పీట మీద కూర్చోబెట్టి, కాళ్ల దగ్గర పెట్టి స్విచ్చి వేశాడు. తనూ అక్కడే నేల మీద చతికిలబడ్డాడు.

"చిన్న సెగ చాలు బాబూ."

"నాక్కూడా చలేస్తోంది అత్తయ్యా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడ తన దుప్పటి కొస తీసి అతని భుజాల మీద కప్పింది.