నాలుగు కుట్లు

ఉతకడానికి తీసిన ప్యాంటు జేబులో చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి లాక్కుంది టైలరమ్మ. వేళ్ల నిండా జిడ్డు. సగం కొరికిన క్రీము బన్ను, నూనె కాగితానికి అతుక్కుపోయి, చుట్టూ నూలు పీచూ చీమలూ. పుల్లటి కంపు. మూడుసార్లు సబ్బు రుద్దినా ఆ జిడ్డు వదల్లేదనే అనిపించింది.

బస్సు నడిపే ఆమె మొగుడు, డ్యూటీకి తయారై, ఆమె కట్టిన డబ్బా మూత తీసి చూస్తున్నాడు.

"మళ్లీ ఆకులేనా? నన్ను మేకననుకున్నావా?"

"మేకైతే నయం, పెట్టింది తింటుంది. ఇదేంటయ్యా?" కాగితం అతని ముందు పడేసింది.

"ఒక్కటేనే తిన్నది."

"చీమలకి సగం మిగిల్చావుగా, ధర్మాత్ముడివి! షుగరు ఇలాగే ఉంటే బస్సు నడపనివ్వరని డాక్టరు చెప్పలేదూ?"

"వాళ్లలాగే బెదిరిస్తారు. నేనెక్కడ లావయ్యాను? నాలుగేళ్లుగా ఆ ప్యాంటే సరిపోతోంది!" పొట్ట మీద చరుచుకుని నవ్వాడు.

ఆమెకి ఒళ్లంతా కంపరమెత్తింది. అతని మీదే అనుకుంది ముందు. కాదు. పొద్దున డబ్బా కట్టే చెయ్యే, అతను పనికెళ్లాక చాటుగా ఆ ప్యాంటు నడుము కుట్లు విప్పి వదులు చేస్తోంది. తన చేతుల మీదే అసహ్యం.

ప్యాంటు తిరగేసి బల్ల మీద పరిచింది. నడుము దగ్గర పాత కుట్ల సూది రంధ్రాలు, వరసలు వరసలుగా.

"లెక్కపెట్టు. ఏడాదికొకటి. పోయినసారి గుడ్డ చాలక అతుకేశాను."

నవ్వు ఆగిపోయింది. "మరి నాకు చెప్పలేదేం?"

"చిన్నబోతావని. నీ నోటికి కాపలా కాశాను, నీ నడుముకి దొంగసాక్ష్యం చెప్పాను. ఇక రెండూ నావల్ల కాదు. నీ ఒళ్లు నీది."

అతను ఆ రంధ్రాలని వేలితో తడిమాడు. లేచి, ఆమె మెడలోని కొలత టేపు తీసుకుని నడుముకి చుట్టుకున్నాడు. అంకె కనపడాలంటే పొట్ట లోపలికి లాగాలి. లాగలేదు. అద్దం దగ్గరికెళ్లి ఆ అంకె చూసుకున్నాడు.

"రేపట్నుంచి డబ్బా నేనే కట్టుకుంటా," అన్నాడు. "ఉప్పెక్కువైనా నేనే తింటా."

ఆమె ప్యాంటు అందుకోబోతే ఆపాడు. కుళాయి దగ్గర కూర్చుని తనే జేబు బయటికి తిప్పాడు. జిడ్డు చేతికంటింది. వాసన చూసి మొహం వికారంగా పెట్టాడు.

"ఛీ!"

నాలుగేళ్లుగా ఆ ఒక్క మాట కోసమే కాచుకున్నట్టు, టైలరమ్మ కళ్లు నిండిపోయాయి.