ఎండిన కాలువలో డీసీఎం

సంతోషి మంచం మీద సంచి పెట్టుకుని మొగుడి బట్టలు సర్దుతోంది. రెండు లుంగీలు, మూడు చొక్కాలు, తువ్వాలు, సబ్బు. పక్కనే కూర్చున్న అత్త జానమ్మ ఒక్కో చొక్కా బయటికి తీసి, మడత బాగాలేదని విప్పి మళ్ళీ మడుస్తోంది.

"అత్తా, గిది మూడోసారి. నీ మడతలైపోయేసరికి కందులు కొట్టుడు గూడ అయిపోతది."

"అయిపోతే అయిపోనీ. మిర్యాలగూడ మిల్లుల పని ఏమైంది వానికి?"

"తవుడు దుమ్ముకు ఛాతీ పాడైందని డాక్టరు మానుమన్లే? మరిచినవా?"

జానమ్మ మరిచిపోలేదు. రాత్రంతా కొడుకు దగ్గు వింటూనే ఉంటుంది. కానీ జీవన్ వెళ్ళేది తండ్రి ముత్తయ్య నడిపిన పాత నూర్పిడి మిషన్‌తో, ముత్తయ్య వెళ్ళిన సూర్యాపేట అవతలి ఊళ్ళకే. అక్కడ ఇప్పటికీ కందులు ఆ మిషన్‌తోనే కొట్టిస్తారు. ఎనిమిదేళ్ళు ఇంటి వెనక టార్పాలిన్ పట్టా కింద పడి ఉన్నదాన్ని జీవన్ నెలరోజులు తిప్పలుపడి బాగుచేశాడు. టైర్లు పగిలిపోయాయి కాబట్టి ట్రాక్టర్‌కు కట్టి లాక్కుపోవడం కుదరదు, డీసీఎం లారీలోకి ఎక్కించాలి. తెల్లారకముందే మనుషులతో దాన్ని తాటి మొద్దుల మీద కాలువ కట్ట మీదికి దొర్లించుకుపోయాడు.

చెప్పులు చుట్టడానికి సంతోషి నిన్నటి పేపరు చింపబోయింది. జానమ్మ చటుక్కున లాక్కుంది. నలభై ఏళ్ళ వయసులో చర్చిలో పిల్లల పలక మీద అక్షరాలు దిద్దుకున్న మనిషి. పొట్లం కట్టిన కాగితాన్నైనా చదవకుండా వదలదు. కళ్ళజోడు పెట్టుకుని లోపలి పేజీ మీద వేలు ఆనించి చదువుతూ ఒకచోట ఆగింది. ఎడమ కాలువ నుంచి చీలే మేజరు కాలువలకు నీళ్ళ వంతు రెండు రోజులు ముందుకు జరిపారు. రేపు ఉదయం ఆరింటికి విడుదల.

"రేపంటే ఇయ్యాల్నే! సంతోషీ, డీసీఎం ఏడ వెట్టిన్రు?"

"ఏడ వెడతరు? కాలువలనే."

ఆ ఊళ్ళో అదే పద్ధతి. కాలువలో నీళ్ళు లేని రోజుల్లో గొడ్లు దిగే చోటు నుంచి బండిని కాలువలోకి దించి, కట్టకు ఆనించి నిలబెడతారు. పక్క డోరు దించితే బండి, కట్ట ఒకే ఎత్తులో ఉంటాయి. మధ్యలో తాటి మొద్దులు పరిచి ఎంత బరువైనా నెట్టేస్తారు. క్రేన్‌తో పనిలేదు.

సంతోషి ఫోన్ చేసింది. జీవన్ ఫోన్ గూట్లో ఛార్జింగ్ దగ్గరే మోగింది. గడియారం ఏడు దాటింది. జానమ్మ చెప్పుల్లేకుండానే పరుగెత్తింది.

మిషన్ సగం మొద్దుల మీద, సగం బండిలో ఉంది. కట్ట మీద నలుగురు నెడుతున్నారు. బండిలో అవతలి పక్క చెక్కకు వీపు ఆనించి జీవన్ తాడు లాగుతున్నాడు. డ్రైవర్ నాగేందర్ స్టీరింగ్ దగ్గర ఉన్నాడు.

"ఆపుర్రి! నీళ్ళిడిసిన్రు. పేపర్ల ఉన్నది!"

"వంతు ఎల్లుండి గదా పెద్దమ్మా," నాగేందర్ నవ్వాడు. "జీవన్ కోదాడ బస్సెక్కినా పేపర్ల ఏదో ఒకటి దొరుకుతది నీకు."

నెట్టేవాళ్ళూ నవ్వారు. జీవన్ నవ్వలేదు.

"ఇంటికి పో అమ్మా."

"నువ్వు దిగు బిడ్డా. జర్రసేపు ఆగితే తెలుస్తది."

"ఎన్నిసార్లు ఆగాలె? బడికి పోతానంటే ఏడ్సినవ్, మిల్లుకు పోతానంటే ఏడ్సినవ్. నువ్వు ఏడుస్తవనే గదా బాపు ఆనాడు చెప్పకుండ పోయిండు! మందు గోలీల సంచి గూడ ఇడిసిపెట్టి పోయిండు!"

జానమ్మకు కన్నీళ్ళు రాలేదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, గొడ్లు దిగే చోటు నుంచి మెల్లగా కాలువలోకి దిగింది. డీసీఎం ముందుకెళ్ళి నిలబడింది.

"గీడనే ఉంట. నీళ్ళు రాకుంటే నేనే ఇంటికి పోత, మళ్ళ నోరిప్ప."

"పరేషాన్ జేస్తవేందే!" జీవన్ తాడు కట్ట మీదికి విసిరి, బండి నుంచి దూకి, తల్లిని ఎత్తుకుపోవడానికి వచ్చాడు. ఆమె నడుము చుట్టూ చెయ్యి వేశాడో లేదో, పాదాలకు చల్లగా తగిలింది. ఎండాకులు, పుల్లలు తోసుకుంటూ ఎర్రనీళ్ళు వచ్చేశాయి. చూస్తుండగానే మోకాళ్ళకెక్కాయి.

కాలువ అడుగున ఒండ్రు మెత్తబడి అవతలి చక్రాలు దిగబడ్డాయి. బండి ఒరిగింది. మొద్దుల మీది మిషన్ గరగరమంటూ జారి, అవతలి పక్క చెక్కను ధడేల్‌మని గుద్దింది. జీవన్ ఇంతకుముందు వీపు ఆనించిన చెక్క అది. నిలువునా చీలిపోయింది.

నాగేందర్ డోరు తీసుకుని బయటికి దూకాడు. పైవాళ్ళు విసిరిన తాడు పట్టుకుని తల్లీకొడుకులు కట్టెక్కారు. షట్టర్ల కాపలా చూసే లష్కర్ గౌరయ్యకు ఎవరో ఫోన్ చేసి నీళ్ళు ఆపించారు.

జీవన్ తల్లి పక్కనే బురదలో కూలబడ్డాడు. చీలిన చెక్క వైపు చూశాడు.

"నోరు జారిన అమ్మా."

"జారలే బిడ్డా. ఉన్నదే అన్నవ్." అప్పుడొచ్చాయి ఆమెకు కన్నీళ్ళు. "నేను గంత లొల్లి జెయ్యకుంటే ఆయన చెప్పి పోతుండె. గోలీలు నేనే సంచిల పెడుతుంటి. గిన్నేండ్లు ఆయన మీదనే కోపం పెట్టుకున్న, చెప్పకుండ పోయిండని."

"బాపు చెయ్యాల్సిన పని గాదది. నేను చెప్పే పోత. నువ్వు వద్దంటే పోను."

జానమ్మ కొంగుతో కొడుకు మొహం మీది బురద తుడిచింది. తుడుస్తుంటే అతనికి దగ్గు వచ్చింది. అది ఆగేదాకా వీపు రాసింది.

"పో. కానీ క్రేన్ పిలిపించు. ఫోన్ జేబుల ఉండాలె."

మూడో రోజు మిర్యాలగూడ నుంచి క్రేన్ వచ్చింది. సంచి జానమ్మే సర్దింది. చొక్కాలు ఒక్కసారే మడిచింది. దగ్గు మందు పైకి కనబడేట్టు పెట్టింది. డీసీఎం కదిలేటప్పుడు కొంగు నోట్లో కుక్కుకుంది గానీ ఏడవలేదు. సంతోషి ఆమె చెయ్యి వదల్లేదు.

జీవన్ నలభై రోజులకు, మార్చి మొదటివారంలో తిరిగి వచ్చాడు. దగ్గు తగ్గింది. జానమ్మ ఎదురెళ్ళి సంచి అందుకుంది. ఎనిమిదేళ్ళుగా అలవాటైనట్టు, అతని వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని దారి వైపు చూడలేదు.

ఆనాడు చెప్పకుండా వెళ్ళిన ముత్తయ్య తిరిగి రాలేదు. 2017 ఫిబ్రవరి పదకొండున, శనివారం పొద్దున, కందుల కల్లంలోనే చనిపోయాడు.