మళ్ళీ దొరకని మాట

"నిరంజన్ గారూ! ఏవండీ, మిమ్మల్నే!"

బస్సు దిగి చేపల చెరువు గట్టు మీద నడుస్తున్న అతను వెనక్కి తిరగనే లేదు. చినుకుల్లో గొడుగు పట్టుకుని పరిగెత్తిన నిస్సీకి ఒళ్ళు మండింది. ఇద్దరూ టీచర్ ట్రైనింగ్ చదువుతున్నారు. ఆమెది పెదపాడు, అతనిది తాడేపల్లిగూడెం. మండవల్లి దగ్గరి ఈ చిన్న బడికి ప్రాక్టీసుకి వచ్చి వారమైనా కాలేదు. అప్పుడే ఇంత పొగరా?

ఆ కోపంతోనే నాలుగో తరగతికి వెళ్ళి కొల్లేటి పక్షుల పాఠం చెప్పింది. నేను చెప్పేదంతా నోట్సు రాసుకోండంది. చివర్లో పింకీ అనే పిల్ల పుస్తకం చూసి తెల్లబోయింది. గూడబాతు చేపలు తింటుంది అన్న వాక్యం కింద, "ఒరేయ్ బంగార్రాజూ, కిటికీ దిగు" అని కూడా ఉంది.

"ఇదెందుకు రాశావే?"

"మీరే చెప్పారు కదండీ టీచర్!"

గుమ్మంలో నిరంజన్ నవ్వాడు.

"నవ్వడం వచ్చుగానీ పిలిస్తే పలకడం రాదాండీ? అంత తెలిస్తే మీరే నేర్పండి."

అతను వచ్చి పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాడు. "విన్నదంతా రాస్తే చెయ్యి నొప్పే మిగులుతుందర్రా. ముందు వినండి. మళ్ళీ వినడానికి దొరకదనిపించిన మాట ఒక్కటి పట్టుకోండి. అదే రాయండి. పుస్తకం మూసి, ఆ మాటతో మిగతాదంతా నాకు చెప్పండి."

పింకీ ఆలోచించి 'సంచి' అని రాసింది. పుస్తకం మూసి, గూడబాతు ముక్కు కింది సంచితో చేపల్ని ఎలా ఎత్తుతుందో చేతులు తిప్పుతూ చెప్పేసింది. బంగార్రాజు 'కిటికీ' అని రాశాడు. క్లాసంతా గొల్లుమంది. నిస్సీ కోపం ఆ నవ్వుల్లోనే కొట్టుకుపోయింది.

తర్వాత సాయంత్రాలు ఒకే గొడుగు కింద బస్సుకి నడవడం అలవాటైంది. ఆమె ఎటు నడిచినా అతను చుట్టూ తిరిగి ఆమె కుడిపక్కకే, చెరువు వైపుకే వచ్చేవాడు.

"గట్టు జారితే నీళ్ళలో పడేది మీరేనండోయ్!"

"పడితే చేపలకి నోట్సు నేర్పిస్తానండి."

తను పడకూడదనే అటు నడుస్తున్నాడని నిస్సీ లోలోపలే మురిసిపోయేది.

ఒకరోజు అతను ఏలూరు ఆసుపత్రికి వెళ్ళాలని సెలవు పెట్టాడు. మర్నాడు సాయంత్రం మళ్ళీ ఒకే గొడుగు కింద బయల్దేరారు. చెరువులో చేపలకి గాలినిచ్చే ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ హోరెత్తుతున్నాయి. గట్టు సన్నబడిన చోట ఈసారి ఆమే చెరువు వైపుకి వెళ్ళింది. ధైర్యం జారిపోకముందే అనేసింది.

"మీరంటే నాకిష్టమండి."

అతను నడుస్తూనే ఉన్నాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. నిస్సీకి ఏడుపు తన్నుకొచ్చింది. వెక్కుతూ ఆగిపోయేసరికి అతను తిరిగి చూశాడు.

"అయ్యో, ఏమైందండీ? మీరేమన్నా అన్నారా? నాకీ కుడి చెవి చిన్నప్పుడే పోయింది. అందుకే ఎప్పుడూ మిమ్మల్ని ఎడమవైపు ఉంచుకుంటాను."

"ఒక్కమాట చెప్పలేదేం?"

"మీరు జాలిపడతారని." నీళ్ళకేసి చూశాడు. "ఎడమదీ పోతోందన్నారండి నిన్న. చెవికి మిషను పెట్టినా ఎన్నాళ్ళో పనిచెయ్యదట. రేపటినుంచి రాను. పిల్లలడిగింది వినపడనివాడు మేస్టారెలా అవుతాడు?"

నిస్సీ అతని ఎడమపక్కకి వచ్చి, మడమలెత్తి చెవి దగ్గర మళ్ళీ చెప్పింది.

అతను కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత జేబులోంచి పెన్ను, బస్సు టిక్కెట్టు తీశాడు.

"ఏం రాస్తున్నారు?"

"పిల్లలకి చెప్పాను కదండీ. మళ్ళీ వినడానికి దొరకనిది."

ఆమె ఆ టిక్కెట్టు మీద చెయ్యి పెట్టేసింది. "రాయకండి. రేపు బడికి రండి, రేపూ చెప్తాను. వినపడినన్నాళ్ళూ చెప్తాను."

"ఆ తర్వాతో?"

గొడుగు పక్కకి ఒరిగి ఇద్దరూ తడుస్తున్నారు. ఆమె అతని ముఖాన్ని తన వైపు తిప్పుకుని, శబ్దం లేకుండా పెదాలతోనే ఆ మాట అంది.

అతను చాలాసేపు ఆ పెదాలకేసే చూశాడు.

"వినపడిందండీ," అన్నాడు.