అక్క మెయిల్ బాక్సు

ఆదివారం మధ్యాహ్నం ఆఫీసులో పురుగు కూడా లేదు. పోస్టమ్మ తాళాలు తీసుకుని తిన్నగా సర్వర్ల గదిలోకి వెళ్లింది. ఆఫీసు మెయిళ్లన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి కాబట్టి అందరూ కలిసి పెట్టిన పేరు అది. ఆ గదికి కిటికీలు లేవు. మనిషి కదిలితేనే లైట్లు వెలుగుతాయి, కాసేపు కదలకపోతే వాటంతటవే ఆరిపోతాయి. యంత్రాల హోరు, చల్లగాలి, వేడెక్కిన వైర్ల వాసన... అన్నీ ఆమెకి అలవాటే.

వచ్చిన పని మాత్రం అలవాటైనది కాదు. ఆమె మొగుడు అదే ఆఫీసులో అకౌంటెంటు. అతని మొదటి భార్య కూడా అక్కడే పనిచేస్తూ, జబ్బు చేసి పోయింది. ఆవిడ మెయిల్ బాక్సు తీసేయొద్దని అతను బతిమాలితే, పాపం కదా అని పోస్టమ్మే ఉంచింది. అది వీళ్ల పెళ్లికి ముందు మాట. అప్పుడు జాలిపడింది, ఇప్పుడు కుళ్లుకుంటోంది. అతను రోజూ సాయంత్రం ఆ బాక్సుకి ఉత్తరం రాస్తున్నాడని మొన్ననే కనిపెట్టింది మరి. బతికున్న సవతైతే జుట్టు పట్టుకోవచ్చు, నాలుగు దులపొచ్చు. పోయినదాన్ని ఏం చేస్తాం?

నల్లటి తెర మీద ఆవిడ బాక్సు తెరిచింది. బొమ్మల్లేవు, బటన్లు లేవు, వరసగా అక్షరాలే. ఒక ఉత్తరం చదివింది. తలనొప్పి తగ్గిందా, మందు రాసుకున్నావా అని అడిగాడు. తను జ్వరంతో మంచం పడితే 'మాత్ర వేసుకో' అనేసి ఆఫీసుకి పోయిన మనిషి! ఒళ్లు భగ్గుమంది. అన్నింటినీ ఎంచి 'డి' కొట్టింది. ప్రతి ఉత్తరం పక్కనా కొట్టివేత గుర్తు పడింది. గుర్తు పడినంత మాత్రాన అవి పోవు. 'క్యు' కొట్టి బయటికొస్తేనే శాశ్వతంగా పోతాయి. ఈలోగా మనసు మారితే 'యు' కొట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఆమె మనసేం మారలేదు. కానీ అట్టడుగు ఉత్తరం పక్కన గుర్తు చెరిగిపోయింది. దాని పైదానిదీ...

మళ్లీ డి కొట్టింది. మళ్లీ కింది నుంచి ఒక్కొక్కటే చెరుగుతున్నాయి. ఎవరో తీరిగ్గా కూర్చుని తుడుస్తున్నట్టుంది.

లైటు ఆరిపోయింది. భయంతో తను బిగుసుకుపోయిందని అప్పుడు తెలిసింది. చెయ్యి ఊపబోయింది. అంతలో గది అవతలి చివర లైటు వెలిగింది. అక్కడ ఎవరూ లేరు. తర్వాత దాని ఇవతలిది. తర్వాత ఇంకాస్త ఇవతలిది...

తలనొప్పి మందు వాసన గుప్పుమంది. ఆ వాసన ఆమెకి తెలుసు. మొగుడు బీరువా అడుగున ఇప్పటికీ దాచుకున్న చిన్న డబ్బాది.

"యు కొట్టు, చెల్లీ." చెవి పక్కనే గుసగుస. "నావి నాకుండనీ."

పై ప్రాణాలు పైనే పోయాయి. వేలు యు మీదికి వెళ్లింది. కొట్టేసేదే.

"ఆయన రాసేది నాకే కదా..."

ఆ 'నాకే' అన్న మాట దగ్గర కడుపు మండిపోయింది. భయం ఎటు పోయిందో పోయింది. డి కొట్టి, వెంటనే క్యు కొట్టింది. తెర ఖాళీ అయింది.

"సరే, చెల్లీ. ఇక నా వంతు."

లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగాయి. గదిలో ఎవరూ లేరు. వాసనా లేదు.

పడుతూ లేస్తూ ఇంటికొచ్చింది. తన తాళంచెవి తలుపుకి పట్టలేదు. బెల్లు కొట్టింది. మొగుడు తలుపు తీశాడు. అతన్ని చూడగానే ప్రాణం లేచొచ్చింది. 'ఏమేవ్' తప్ప ఇంకో పిలుపెరగని ఆ మనిషి, మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవరు కావాలండీ?"

పరాచికమనుకుంది. అతను నవ్వలేదు. అతని వెనక చీకట్లోంచి తలనొప్పి మందు వాసన వస్తోంది.

"మా చెల్లెలేమోనండీ," అంది లోపలి నుంచి ఒక గొంతు. "లోపలికి రమ్మనండి."

అతను తలుపు బార్లా తీసి పక్కకి జరిగాడు. లోపల చివరి గదిలో లైటు వెలిగింది. తర్వాత వంటగదిలో. తర్వాత హాల్లో...